ముల్లు కింద చీపురు పుల్ల

మా అత్తమ్మకు నా ఉద్యోగం మీద ఏనాడూ గౌరవం లేదు. సూరత్ పక్కన హజీరాలో ఒక ఫ్యాక్టరీలో, కాలిబ్రేషన్ రూమ్‌లో నేను పనిచేస్తాను. ప్లాంటులో వాడే మీటర్లు వంతులవారీగా మా దగ్గరికి వస్తాయి. అవి చూపిస్తున్నది నిజమో కాదో సరిచూసి, తేడా ఉంటే సరిదిద్ది, చీటీ అంటించి పంపడం మా పని. "నా కోడలు పొద్దుగాల బస్సెక్కుతది, పొద్దంత ముల్లు జూస్తది, నెల కాంగనె జీతం దెస్తది. గింతకంటె సుఖం ఏమున్నది" అని అమ్రోలిలో మా బిల్డింగ్ మెట్ల మీద కూర్చుని అందరికీ చెప్పేది. ఆమె జగిత్యాల వైపు పల్లె నుంచి పెళ్లైన కొత్తలోనే సూరత్ వచ్చి, మరమగ్గాల షెడ్డులో ఏళ్ల తరబడి కండెలు చుట్టిన మనిషి. చేతులు ఆడని పని ఆమె లెక్కలో పని కాదు.

నేనూ తక్కువ తినలేదు. ఉజ్జాయింపుగా మాట్లాడేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. పులుసులో ఉప్పు ఎంత వేయాలని అడిగితే "ఏసినంత" అనేది ఆమె. ఎంతసేపు ఉడకాలంటే "ఉడికేదాక". నేను గ్లాసుతో కొలిచి బియ్యం కడుగుతుంటే పక్కన నిలబడి చూసి, నవ్వు ఆపుకోకుండా వెళ్లిపోయేది. మేం అరుచుకున్నది తక్కువే. ఒకరి వంట ఒకరం తిని, ఏమీ అనకుండా కంచం తీసేవాళ్లం, అది అరవడం కంటే ఎక్కువ. మా ఆయన అమ్రోలిలోనే ఒక మగ్గాల షెడ్డులో మెకానిక్. ఎవరు వండినా ఒకేలా తిని, ఒకేలా బాగుందనేవాడు.

కరోనా మొదటి ఏడాది మగ్గాలు ఆగిపోయి, సూరత్‌లోని మా తెలుగువాళ్లు ఊళ్లకు పోవడానికి బండ్లు దొరక్క నానా అవస్థలు పడుతున్నప్పుడు మా ఇంట్లో ఎవరికీ తుమ్మయినా రాలేదు. అందువల్ల మాకు కొంచెం పొగరు కూడా వచ్చింది. రెండో విడత వేసవిలో అది దిగింది. ముందు నాకు వాసన పోయింది, తర్వాత ఆయనకు ఒళ్లు నొప్పులు, ఆ తర్వాత అత్తమ్మకు జ్వరం. మాకిద్దరికీ తగ్గింది. ఆమెకు తగ్గలేదు సరికదా, వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో అంకె రోజురోజుకూ దిగడం మొదలుపెట్టింది. ఆసుపత్రుల్లో ఎక్కడా మంచం లేదు. ఫోన్‌లో దొరికిన డాక్టరు, ఇంట్లోనే ఆక్సిజన్ పెట్టమని, బోర్లా పడుకోబెట్టమని, తొంభైకి కిందికి దిగితే అక్కడ ఎక్కువసేపు ఉండనివ్వొద్దని చెప్పాడు.

నేను పనిచేసే ఫ్యాక్టరీ గేటు నుంచే ఆ రోజుల్లో ఆక్సిజన్ ట్యాంకర్లు సైరన్ మోగించుకుంటూ బయటికి పోయేవి. మా కంపెనీ బస్సు పక్కకు ఆగి వాటికి దారి ఇచ్చేది. జబ్బు ఇంట్లోకి రాకముందు అది చూసి నేను గర్వపడ్డాను. ఇంట్లోకి వచ్చాక అదే గుర్తొచ్చి ఎవరి మీదో తెలియని కోపం వచ్చేది.

మావాళ్ల సంఘం అప్పుడు ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు తెప్పించి, అవసరమైన ఇంటికి ఒకటి చొప్పున తిప్పుతోంది. ఆయన తిరగ్గా తిరగ్గా ఒకటి మా ఇంటికి వచ్చింది. చిన్న ఫ్రిజ్‌లో సగముంటుంది, కింద చక్రాలు. లోపలున్న మోటారు గదిలోని గాలినే లాగి, నొక్కి, అందులోంచి ఆక్సిజన్ వేరు చేసి గొట్టం గుండా ముక్కుకు పంపుతుంది. దాన్ని పెట్టిన కాసేపటికే అత్తమ్మ అంకె తొంభై మూడుకు ఎక్కింది. మెషీన్ చప్పుడు మాత్రం మగ్గంలా ఉండేది. "షెడ్డుల పండుకున్నట్టే ఉన్నది" అంది ఆమె.

మధ్యాహ్నం అందరి ఏసీలు మొదలవగానే మా వీధిలో కరెంటు పోవడం ఆ వేసవి ఆనవాయితీ. ఒక్కోసారి ఐదు నిమిషాలు, ఒక్కోసారి గంట. మెషీన్ వచ్చిన మర్నాడే కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, మెషీన్ కుయ్యిమని అరిచి ఊరుకుంది, ఆక్సీమీటర్ అంకె మెట్లు దిగినట్టు దిగసాగింది. తొంభై, ఎనభై ఎనిమిది, ఎనభై ఐదు. ఆయన ఎక్కడో క్యూలో నిలబడి నింపించుకొచ్చిన చిన్న సిలిండర్ అప్పటికి సగం అయిపోయింది. దాన్ని పెట్టి కరెంటు వచ్చేదాకా లాక్కొచ్చాం. అత్తమ్మ పెదాల రంగు నేను చూశాను. భయమేసింది. దానికి ఇంతకంటే మంచి మాట నా దగ్గర లేదు.

మా ఇంట్లో ఇన్వర్టర్ లేదు. కింది అంతస్తులో ఉండే గుజరాతీ కాకా ఇంట్లో ఉంది, పెద్దదే. ఆయన ఇంట్లోనే కంప్యూటర్ మీద చీరల ఎంబ్రాయిడరీ డిజైన్లు గీసి మార్కెట్‌కు ఇస్తాడు. పని పోకుండా దాన్ని పెట్టించుకున్నాడు. వెళ్లి అడిగాను. ఆయన లేదనలేదు. తలుపు సందులోంచి, మాస్కు సర్దుకుంటూ, చెల్లెమ్మా అన్నట్టు బెన్ అని పిలిచి, ఒకటే అడిగాడు.

"ఇస్తాను బెన్. కానీ మోటారు మొదలయ్యేటప్పుడు ఎంత లాగుతుంది? పన్నెండు ఆంపియర్ల దాకా నా ఇన్వర్టర్ ఒక్క క్షణం ఓర్చుకుంటుందని మెకానిక్ చెప్పాడు. అది దాటితే ట్రిప్ అవుతుంది. అప్పుడు మీకూ లేదు, నాకూ లేదు."

న్యాయమైన ప్రశ్న. నేను అడిగేలాంటి ప్రశ్న. మెషీన్ వెనక ఉన్న రేకు మీద రాసింది నడిచేటప్పుడు లాగే కరెంటు, రెండు ఆంపియర్లలోపు. మొదలయ్యేటప్పుడు ఏ మోటారైనా దానికి ఎన్నో రెట్లు లాగుతుంది, కనురెప్ప వేసినంత సేపు. ఎన్ని రెట్లన్నది ఎక్కడా రాసి లేదు.

మా ఆయన షెడ్డు నుంచి టాంగ్ టెస్టర్ తెచ్చాడు, తీగను కోయకుండా పటకారు లాంటి నోటితో పట్టుకుని కరెంటు చూపించే అంకెల మీటర్. మెషీన్ వేస్తే దానిలో అంకెలు పూనకం వచ్చినట్టు ఊగి, నిలబడేసరికి రెండు దగ్గర ఉన్నాయి. ఒకసారి నాలుగు కనపడింది, ఒకసారి ఏడు. ఏదీ నమ్మదగ్గది కాదు. ఆ క్షణాన్ని పట్టే పరికరాలు మా కాలిబ్రేషన్ రూమ్‌లో ఉన్నాయి. కరోనా వచ్చిన ఇంటి మనిషిని అప్పట్లో గేటు దాటనిచ్చేవాళ్లు కాదు, దాటినా వాటిని ఇంటికి ఇవ్వరు.

"మీ షెడ్డుల పాత ప్యానెల్‌ది ముల్లు మీటరు ఉంటదా?" అని ఆయన్ని అడిగాను.

"ఉన్నది. గా పాత సామాన్‌ల పడ్డది. పదిహేను ఆంపియర్లది. దాంతోని ఏం జేస్తవ్, గా అంకెల మీటరే పట్టకపాయె."

"తీస్కరాండ్రి, చెప్త."

ముల్లు మీటర్‌కు ఒక లోపం ఉంది. ముల్లుకు బరువుంటుంది, బరువున్నది బద్ధకిస్తుంది. సున్నా నుంచి అది లేచి పైకి పోయేలోపే ఇక్కడ కరెంటు ఎక్కడం, దిగడం రెండూ అయిపోతాయి. మనం బస్టాండుకు చేరేసరికి బస్సు వెళ్లిపోయినట్టు, ముల్లు ఎక్కడో మధ్యలో ఐదు దగ్గర ఊగి వెనక్కి వస్తుంది. ఆ ఐదును నమ్మితే కొంప మునుగుతుంది. మా రూమ్‌లో రిటైరైన ఒక పెద్దాయన దీనికి ఒక పద్ధతి నేర్పాడు. మీటర్ అద్దం తీసేసి, ముల్లును వేలితో పైకెత్తి, అది కిందికి పడకుండా చీపురు పుల్లను అడ్డంగా టేపుతో అంటించాలి. పుల్ల ఆరు దగ్గర ఉందనుకుందాం. కరెంటు ఆరు దాటితే ముల్లు పుల్లను వదిలి లేస్తుంది. దాటకపోతే కదలదు. లేచినప్పుడల్లా పుల్లను ఇంకొంచెం పైకి జరపాలి. ముల్లు లేవడం ఎక్కడ మానేస్తే అక్కడ ఉంది జవాబు. సున్నా నుంచి పరిగెత్తలేని ముల్లు, పక్కనుంచి ఒక వెంట్రుకంత లేవగలదు. కొత్త పరికరాలు వచ్చాక మేమంతా ఈ పద్ధతిని చూసి నవ్వేవాళ్లం.

పద్ధతిలో చిక్కు ఏమిటంటే, మోటారు మొదలవడాన్ని కొలవాలంటే దాన్ని ప్రతిసారీ ఆపాలి. ఆపాక వెంటనే వేయకూడదు. లోపల నొక్కి ఉన్న గాలి బుసబుసమంటూ బయటికి పోవాలి, కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాల్లో అత్తమ్మకు ఆక్సిజన్ ఉండదు. మిగిలిన సిలిండర్‌ను అసలైన అవసరానికి దాచుకోవాలి. అంటే నాకు ఒక్కో అంకె తెలియాలంటే ఆమె ఊపిరిలోంచి కొంత ఖర్చు పెట్టాలి. ఈ మాట ఆయనకు చెప్పకుండానే అర్థమైంది.

ఉదయం పూట, కరెంటు నికరంగా ఉండే వేళ చూసి మొదలుపెట్టాం. మీటర్‌ను బల్ల మీద పెట్టి, కరెంటు తీగలు బిగించిన చోట అట్ట కప్పాను. ఆయన స్విచ్చు దగ్గర, ఒక కన్ను ఆక్సీమీటర్ మీద. నేను ముల్లు దగ్గర. అత్తమ్మ బోర్లా పడుకుని, తల పక్కకు తిప్పి, మమ్మల్నిద్దర్నీ చూస్తోంది.

పుల్ల ఆరు దగ్గర. ముల్లు ఎగిరింది. అత్తమ్మ అంకె మళ్లీ తొంభై రెండుకు వచ్చేదాకా ఆగాం. ఎనిమిది దగ్గర. ఎగిరింది, ముందుకంటే తక్కువ. మళ్లీ ఆగాం. తొమ్మిది దగ్గర కొంచెం వణికింది. ప్రతి విరామం ముందుదానికంటే ఎక్కువ పడుతోంది, ఆమె అంకె ఎక్కడానికి బద్ధకిస్తోంది. పది దగ్గర పుల్ల అంటించి, "వెయ్యుండ్రి" అన్నాను. ముల్లు కదలలేదు.

"పదికి లోపలనే ఉన్నది" అన్నాను.

ఆయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కాకా ఇన్వర్టర్ పన్నెండు ఓర్చుకుంటుంది. సరిపోయింది. నాకు నవ్వొచ్చింది. కిందికి వెళ్లి చెప్పొస్తానని ఆయన లేచాడు కూడా. అప్పుడు తట్టింది నాకు.

మేం కొలిచిందంతా గాలి పోయి, తీరిగ్గా మొదలైన మోటారును. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ తీరిగ్గా ఆగదు. రెప్పపాటులో అందుకుంటుంది. అప్పుడు మోటారు లోపల గాలి నొక్కే ఉంటుంది, దానికి ఎదురు తోసుకుంటూ మొదలవ్వాలి. అది ఎక్కువ లాగుతుంది. ఎంత ఎక్కువో తెలియాలి.

"ఇంకొక్కసారి చూడాలె. ఈసారి బంద్ చేసి ఎంబడే వెయ్యాలె" అన్నాను.

ఆయన ఎందుకని అడిగాడు, చెప్పాను. విన్నాడు. మెకానిక్ కదా, విషయం అర్థమైంది, అర్థమైనందుకే భయపడ్డాడు.

"అట్ల ఏస్తె మోటరు కాలితే? ఊర్ల ఇంకొక మిషన్ దొరుకుతదా?"

"కాలుతదో లేదో ఇప్పుడు తెలుసుకుంటేనే మంచిది, కరెంటు పోయిన్నాడు తెల్సుకునుడు కంటె."

"నువ్వు ఇగ ఆపుతవా లేదా? గామె మా అమ్మ. నువ్వు చీటీ అంటించే మీటరు గాదు."

పెళ్లయ్యాక ఆయన నాతో అంత గట్టిగా మాట్లాడింది అదొక్కసారే. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నేను కొలవకపోతే ఎవరో ఒకరు ఉజ్జాయింపుగా నిర్ణయించాలి, ఆ ఉజ్జాయింపు మీద ఆమె ఊపిరి పెట్టాలి. నా వల్ల కాదు. కానీ మెషీన్ కాలిపోతే ఆ పాపం నాదే అవుతుంది, అది కూడా నాకు తెలుసు.

అత్తమ్మ ముక్కు దగ్గరి గొట్టం సర్దుకుని, చెయ్యి కొంచెం లేపింది.

"చెయ్యనియ్యిరా. దాని పని అది చేస్తున్నది."

ఆయన స్విచ్చు దగ్గరికి వెళ్లాడు. నేను పుల్లను పన్నెండు దగ్గర అంటించాను. టేపు రెండుసార్లు ఊడింది, మూడోసారి గోటితో అదిమాను. ఆయన ఆపి, వెంటనే వేశాడు. మోటారు ఒక మూలుగు మూలిగి, బల్ల అదిరేలా కదిలి, అందుకుంది. ముల్లు పుల్లను వదిలి అద్దంలేని మీటర్ చివరిదాకా ఎగిరి కొట్టుకుంది.

మెషీన్ కాలలేదు. అలా వెంటనే మొదలైతే కాకా ఇన్వర్టర్ మోయలేదని కూడా తేలింది. పదిహేనుకు పైన ఎంతన్నది నాకు తెలియదు, ఆ మీటర్ అంతవరకే. తెలియనక్కర్లేదు కూడా.

కాబట్టి మా ఏర్పాటు ఇలా కుదిరింది. కాకా తన బాల్కనీ నుంచి మా కిటికీలోకి ఒక తీగ పైకి పంపాడు, చివర సాకెట్. మంచం పక్కన మా సాకెట్ ఒకటి, ఆయన సాకెట్ ఒకటి. మెషీన్ మామూలుగా మా కరెంటు మీద నడుస్తుంది. కరెంటు పోగానే ప్లగ్ పీకాలి, లోపలి గాలి బుసకొట్టి అయిపోయేదాకా ఆగాలి, అప్పుడు కాకా సాకెట్‌లో పెట్టాలి. తొందరపడితే ఇన్వర్టర్ ట్రిప్ అవుతుంది. ఆలస్యమైతే అత్తమ్మ అంకె దిగుతుంది. దీన్ని ఏ యంత్రమూ చేయదు. ఎవరో ఒకరు ఆ రెండు సాకెట్ల దగ్గర కూర్చోవాలి, పొద్దంతా.

మా ఆయన సిలిండర్ కోసం, మందుల కోసం తిరిగేవాడు. కూర్చున్నది ఎక్కువగా నేనే. అంతకుముందు ఆ గదిలోకి చీపురు పట్టుకుని తప్ప నేను పెద్దగా వెళ్లింది లేదు. ఇప్పుడు నేల మీద చాప వేసుకుని, ఆమె తలగడ దగ్గర రోజులు గడిపాను. మాట్లాడుకోవడానికి ఏమీ లేక మొదట్లో ఇద్దరం ఫ్యాను వంక చూసేవాళ్లం. తర్వాత కండెలు చుట్టేటప్పుడు దారం తెగితే ఎలా ముడేయాలో చెప్పింది. ఎంత బిగించాలని అడిగాను. "తెగనంత" అంది. నేను తలూపాను.

కరెంటు పోయినప్పుడు మాత్రం ఆ నిమిషాలు గడిచేవి కావు. ప్లగ్ పీకేదాన్ని. మెషీన్ బుసకొడుతూ ఉండేది. ఆమె పక్కటెముకలు చీర మీద నుంచే పైకీ కిందికీ ఆడుతూ కనపడేవి.

"ఇంకెంత సేపే?"

"అయిపోయింది అత్తమ్మా. గాలి పోతున్నది."

"ఎంత సేపో చెప్పు. నీకు లెక్క తెలుసు గద."

"జరసేపు" అనేదాన్ని. నా నోటి నుంచి అంతకంటే కచ్చితమైన మాట వచ్చేది కాదు, ఎందుకంటే కచ్చితమైనది చెప్తే ఆమె దాన్ని లెక్కపెడుతుంది.

ఒకసారి బుస ఆగింది, నేను ప్లగ్ చేతిలోకి తీసుకున్నాను. ఆమె కళ్లు మూసుకునే ఉంది. "జర ఆగు. చప్పుడు లేకుంటె నిమ్మలంగున్నది" అంది. ఆ గొంతులో ఏ బాధా లేదు, అదే నన్ను భయపెట్టింది. అలసిపోయిన మనిషి పడుకుంటానంటే ఎలా ఉంటుందో అలా ఉంది. ఆక్సీమీటర్ ఎనభై నాలుగు చూపిస్తోంది. నేను ఆగలేదు. ప్లగ్ పెట్టేశాను. మోటారు అందుకుంది, ఇన్వర్టర్ నిలబడింది. అత్తమ్మ కళ్లు తెరిచి నా వైపు కోపంగా చూసింది. ఆ కోపం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆమె అంకె ముందు తొంభై మూడు దగ్గర నిలబడింది, తర్వాత మెషీన్ లేకుండానే తొంభై ఐదుకు వచ్చింది. ఎండలు తగ్గే వేళకు మెషీన్‌ను ఇంకో ఇంటికి తీసుకెళ్లారు. కాకా తీగ పైనుంచి కిందికి లాక్కున్నాడు. మా ఆయన ముల్లు మీటర్‌ను అద్దం బిగించి షెడ్డులో ఇచ్చేశాడు. నేను మళ్లీ కంపెనీ బస్సెక్కాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం వంటింట్లో ఉన్నాను, కరెంటు పోయింది. గరిటె ఎక్కడ పడేశానో తెలియదు, పరిగెత్తాను. అత్తమ్మ గదిలో, మంచం పక్కన గోడ దగ్గర కూర్చుని, ఖాళీ సాకెట్ మీద చెయ్యి పెట్టి, బుస ఆగడం కోసం ఎదురుచూస్తున్నాను. బుస లేదు. గదిలో ఏ చప్పుడూ లేదు. ఊపిరి బిగపట్టి వింటున్నాను.

అత్తమ్మ మంచం మీద కూర్చుని తల దువ్వుకుంటోంది. దువ్వెన ఆపి, నా చేతివంకా గోడవంకా చూసింది.

"నేను పీలుస్తనే ఉన్న బిడ్డా" అంది. "నువ్వు పీల్చు."